పెద్దులు విప్పని కుట్టు

గల్ఫ్‌లోని బౌషర్ అనే ఊళ్ళో కార్ల సీట్లకు తోలు కవర్లు కుట్టే దుకాణంలో పెద్దులును మించిన పనివాడు లేడు. జగిత్యాల దిక్కు నుంచి వచ్చి ఏళ్ళు గడిచినా ఆయనకు ఒక్క రోగం నయం కాలేదు. వంకర కుట్టు కంటబడితే ప్రాణం కొట్టుకుంటుంది. రూములో దిండు గలీబు ఎవరిదైనా సరే, విప్పి మళ్ళీ కుట్టేదాకా ఊరుకోడు.

"పెద్దులన్న ముందర చినిగిన లాగుతోని నిలవడకుండ్రి, ఒంటి మీదనే కుడతడు" అని తోటి పనివాడు నర్సింగ్ కొత్తగా వచ్చినవాళ్ళకు జాగ్రత్త చెబుతుంటాడు.

అలాంటి మనిషి ముందు, ఎండలు మండిపోతున్న జూన్ నెలలో, అబిగైల్ ఒక నల్లటి తోలుకోటు తెచ్చి పెట్టింది. కాకినాడ వాళ్ళమ్మాయి. తల్లి ఇక్కడి ఆసుపత్రిలో నర్సు. అబిగైల్ విదేశాల్లో డాక్యుమెంటరీలు తీస్తుంది. తల్లిని చూడడానికి వచ్చింది.

"ఈ ఎండల గిది తొడిగితె మనిషి ఉడుకుతడు మేడం" అన్నాడు పెద్దులు.

"ఇక్కడ తొడుక్కోడానికి కాదండీ, సినిమాలో చూపించాలి. చేతులు ఊడిపోతున్నాయి. కాస్త కుట్టిపెడతారా?"

"ఎవలిది?"

అబిగైల్ అటూ ఇటూ చూసింది. యజమాని నమాజుకు వెళ్ళాడు. ఇక్కడ గట్టిగా చెప్పే మాట కాదు కనుక గొంతు తగ్గించి చెప్పింది. మగవాళ్ళను ప్రేమించే మగవాళ్ళు, ఆడవాళ్ళను ప్రేమించే ఆడవాళ్ళు తను సినిమా తీస్తున్న దేశంలో ఎన్నో ఏళ్ళుగా ఇలాంటి తోలుబట్టలు వేసుకుని ఒకచోట కలుసుకునేవారట. ఇంట్లోంచి గెంటేసిన వాళ్ళకు ఆ గుంపే ఇల్లు. తర్వాత ఎయిడ్స్ వచ్చింది. చుట్టాలు ముఖం చాటేస్తే ఈ తోలుకోట్ల వాళ్ళే అన్నం తినిపించి, ఒళ్ళు తుడిచి, చివరికి సాగనంపారట. అలా పోయిన ఒకాయనదే ఈ కోటు. ఆయన జతగాడు ఇన్నాళ్ళూ దాచుకున్నాడు.

పెద్దులు చెవులు ఎర్రబడ్డాయి. కాసేపు ఫ్యాను వైపు చూశాడు, కాసేపు మెషిన్ వైపు చూశాడు.

"జబ్బు పడ్డంక ఆయినను మంచిగ సూసుకున్నడా?"

"చివరిదాకా."

"అయితె కుడత. మా నాయిన చెప్పులు కుట్టెటోడు మేడం. తోలు ముడుతమని ఊరు మమ్ముల దూరం పెట్టింది. గీళ్ళు సూడుండ్రి, తోలు తొడుక్కోనే దగ్గరైన్రు."

ఆ మాటకు అబిగైల్ కెమెరా తీసింది. పెద్దులు దువ్వెన తీశాడు.

"మీ చేతులు మాత్రమే తీస్తానండీ."

"అయినా గానీ" అంటూ పాపిడి సరిచేసుకుని మరీ కూర్చున్నాడు.

కోటు చేతులు రెండూ అతికాయి. దాన్ని తిరగేస్తే లోపలి జేబు కనిపించింది. నల్ల తోలు మీద తెల్లదారంతో, కోడి గీరినట్టు కుట్లు. పెద్దులు గబుక్కున బ్లేడు అందుకున్నాడు.

"అయ్యయ్యో, అది విప్పకండి! ఆసుపత్రిలో మంచం పక్కన కూర్చుని జతగాడు కుట్టింది."

"గింత వంకరనా?"

"ఆయనకి కుట్టడం రాదండీ."

పెద్దులు బ్లేడు కింద పెట్టాడు. మళ్ళీ తీశాడు. "అన్నకు జరమచ్చేటట్టున్నది" అన్నాడు వెనకనుంచి నర్సింగ్. పెద్దులు ఆ కుట్ల మీద బొటనవేలితో మెల్లగా రాసి చూశాడు.

"రాకున్నా కుట్టిండు" అని గొణిగి, బ్లేడు నర్సింగ్ చేతిలో పెట్టాడు. "ఇది పట్టుకోని జర దూరం పో."

మరుసటి ఏడు సినిమా ఫోనుకు వచ్చింది. శుక్రవారం సెలవునాడు రూములో ఇద్దరూ చూశారు. ఆ జతగాడు, ఇప్పుడు ముసలాయన, ఆ కోటు తొడుక్కుని, జేబు తడుముకుంటూ మాట్లాడుతున్నాడు. నర్సింగ్ ఫోను దగ్గరికి లాక్కున్నాడు.

"ఆయిన ఇప్పుడు ఒక్కడే ఉంటున్నడా అన్నా?"

"లేదంట, మేడం చెప్పింది. గిప్పటి పోరగాండ్లు ఇంటికచ్చి, పాత ముచ్చట్లు చెప్పుమని కూసుంటరంట. ఆ కోట్లు మల్ల తొడుగుతున్నరంట."

పెద్దులు ఆ సినిమాను భార్య సత్తవ్వకూ పంపాడు. ముసలాయన ఎవరని ఆమె ఫోనులో అడిగితే, నీళ్ళు నమలకుండా అంతా చెప్పాడు.

"గట్ల సూసుకునేటోడు దొరికిండు, అదృష్టమే" అంది సత్తవ్వ. "గని నీ గోర్లేంది గట్లున్నయ్? కెమెరా ముందర కూసునేటప్పుడన్న తీస్కోవద్దా?"