మునెమ్మ సాక్ష్యం

చెల్లెలి చెయ్యి విరిగిందని తెలిసి కుప్పం వెళ్లిన రోజే దాని కూతురు మునెమ్మకు ఏదో అయిందని నాకు తోచింది. ఏడేళ్ల పిల్ల, వసపిట్టలా వాగేది. అన్నం ముందు కూర్చుంటే, ఇంకొంచెం పులుసు వేయనా అని అడిగాను. రెండు చేతులతో నోరు మూసుకుంది.

అంతకు వారం ముందు ఆ ఇంటి వసారాలో పెద్దమనుషులు కూర్చున్నారు. చెల్లెలి మొగుడు, అంటే నా మరిది, దాన్ని కొడుతున్నాడని మా నాయన పెట్టించిన పంచాయితీ అది. ఆమె జారిపడిందని మరిది అన్నాడు. పసిబిడ్డ నోట అబద్ధం రాదని మా వైపు నమ్మకం. కర్పూరం వెలిగించి దాని ముందు మునెమ్మను నిలబెట్టింది నేనే. "సూసింది సూసినట్టు సెప్పు తల్లీ. మీ అమ్మను ఇంగ ఎవురూ కొట్టరు" అన్నాను.

బిడ్డ అంతా చెప్పింది. మరిది తప్పు ఒప్పుకుని, ఇక కొట్టనని మాటగా పెద్దమనుషులకు తాంబూలం ఇచ్చాడు. పెద్ద ఘనకార్యం చేసినదానిలా నేను పుంగనూరు బస్సెక్కాను. ఆ సాయంత్రమే అతను చెల్లెలి చెయ్యి విరగ్గొట్టాడు. బిడ్డ గుమ్మంలో నిలబడి చూసిందట.

మునెమ్మను మా ఇంటికి తెచ్చుకున్నాను. జడుసుకుని మాట పోయిందని అందరూ అంటే దర్గాలో తాయెత్తు కట్టించాను. మాట రాలేదు సరికదా, పక్క తడపడం మొదలుపెట్టింది.

యుద్ధం రోజులు, పెట్రోలు దొరకక బొగ్గుతో నడిచే బస్సు. మదనపల్లె ఆసుపత్రికి చేరేసరికి ఇద్దరి ముఖాలూ మసి. డాక్టరమ్మ దీపం పెట్టి గొంతు చూసి, థ్రోట్ నార్మల్, ఇది నెర్వస్ షాక్, భయానికి మాట పడిపోయింది అంది. టానిక్ రాసింది, అది ఒంటి బలానికే, మాటకు కాదని కూడా చెప్పింది. "మాట్లాడమని అడగొద్దు. భయం లేని చోట ఉంచండి" అంది. పంచాయితీ సంగతి విని, బిడ్డను సాక్ష్యం పెట్టింది ఎవరని అడిగితే, బస్సుకు వేళైందని లేచాను.

అడగొద్దంటే వింటానా! బెల్లం ముక్క చూపి, అమ్మా అను, ఇస్తానని రోజూ వేధించాను. తగ్గిన పక్క తడపడం మళ్లీ వచ్చింది. అప్పటికి బుద్ధొచ్చి మానుకున్నాను.

రెండేళ్లు గడిచాయి. మొన్న చెల్లెలు బిడ్డను చూడవచ్చింది. ఎడమ కన్ను వాచి ఉంది. మునెమ్మ ఆ కన్నునే చూసి చూసి, వంటింట్లోకి వచ్చి నా కొంగు పట్టుకుంది.

"నేను ఎవురికీ సెప్పలేదు పెద్దమ్మా. మళ్లీ యాల కొట్టినాడు?"

రెండేళ్లకు విన్న మాట అది. బిడ్డను ఒళ్లోకి లాక్కుని ఏడ్చాను. చెల్లెలు మర్నాడే కుప్పం వెళ్లిపోయింది. వద్దంటే, "యాడికి పోయేదక్కా?" అంది.

మునెమ్మ మళ్లీ నోరు విప్పలేదు. నా పక్కన కూర్చుని చింతపండులో గింజలు తీస్తుంది. నయమవుతుందన్న ఆశ నాకు పెద్దగా లేదు.

ఇలాంటి కొట్లాటలు చూసిన బిడ్డ మీ ఇంట్లో ఉంటే నేను చెప్పేది ఒక్కటే. పెద్దల తగవులో బిడ్డను సాక్ష్యానికి నిలబెట్టకండి, చూసిన పెద్దలే చెప్పండి. చెల్లెలి వీపు మీద వాతలు పంచాయితీకి ముందే నేను చూశాను. పదిమందిలో మాట్లాడడం నామోషీ అనుకుని బిడ్డను ముందుకు తోశాను.