ముప్ఫయ్యైదు గంటల దారి

హ్యాచరీలో పెద్దాయన మాటంటే రాతిమీద గీత. ఊరి బడిలో ఐదో తరగతితోనే ఆగినా, ఇరవయ్యో ఎక్కం వెనకనుంచి కూడా అప్పజెప్పగలడు. గుడ్డును దీపం ముందు పెట్టి అందులో ప్రాణముందో లేదో చెప్పగలడు. ముప్ఫయ్యెనిమిదేళ్లుగా లారీల్లో, రైళ్లలో కోడిపిల్లలను పంపాడు. ఆయన మూత వేసిన పెట్టె ఒక్కటీ చావు కబురు తేలేదు. అడిగినా అడక్కపోయినా ఈ సంగతి ఆయనే చెబుతాడు.

ఆ పొద్దున రెండువేల పిల్లలు మొదటిసారి విమానమెక్కబోతున్నాయి. గుడ్డులోంచి వచ్చిన పిల్లకు పొట్టలోని పచ్చసొనే మూడు రోజుల బువ్వ. ఆ గడువు దాటితే ప్రాణం నిలవదు. ఇవి క్షేమంగా చేరితేనే ఏడాది పొడుగునా కొంటానని పరాయి దేశపు ఆసామి మాటిచ్చాడు. హ్యాచరీ నడుపుతున్న పెద్దాయన అన్న కూతురి ఆశంతా దానిమీదే.

కార్గో ఏజెంటు కాగితం చాపాడు. రెండు విమానాశ్రయాల మధ్య దూరం తొమ్మిది వేల కిలోమీటర్లు. సాయంత్రం అయిదుకు బయలుదేరి రాత్రి పదకొండుకు దిగడం.

పెద్దాయన కళ్లు చికిలించాడు. "ఆరు గంటల్లోనా? అంటే గంటకు పదిహేను వందలు. తూటాకు రెక్కలు కట్టారా నాయనా?"

"అక్కడి గడియారం మనకన్నా అయిదు గంటలు వెనక, పెద్దాయనా. ప్రయాణం పదకొండు గంటలు," అని ఏజెంటు నవ్వాడు.

లెక్క కుదిరింది గానీ నవ్వు కుదరలేదు. మాటకంటే ముందు నవ్వు వచ్చేవాడి దగ్గర ఆయన జేబు తడుముకుంటాడు.

"ఈ తొమ్మిది వేలు గీత గీసి కొలిచిందా, విమానం పోయే దారా?"

"గీతే అనుకోండి."

"అనుకోవడానికి నేనెవర్ని? మధ్యలో ఎక్కడన్నా దింపుతారా?"

"ఒక్కచోట విమానం మారతాయి."

"బాబాయ్, ఆయన్ని పోలీసులా నిలదీయకు," అంది అన్న కూతురు.

"నువ్వుండమ్మా. గుడ్డిగా నమ్మితే గోతిలో పడేది నువ్వూ నేనూ కాదు, ఆ పిల్లలు. చెప్పు నాయనా, ఆ పదకొండు ఏ రోజు పదకొండు?"

"మర్నాడండి," అన్నాడు ఏజెంటు, గోడతో చెబుతున్నట్టు.

అంటే పదకొండుకు మరో ఇరవైనాలుగు, మొత్తం ముప్ఫయ్యైదు గంటలు. అన్న కూతురు ఏజెంటు వైపు తిరిగింది. "నాకు పదకొండే అన్నారుగా?"

"గాల్లో ఉండేది పదకొండేనండి. నేలమీద ఉండేది ఎవరూ అడగరు."

పెట్టెలు అప్పటికే నిండాయి. అన్నీ నిన్న పొద్దున పుట్టి, ఒళ్లారి, ముద్దొస్తున్న పిల్లలు. వాటికి గడిచిపోయిన రోజును, విమానం దారిని, రెండు చివర్ల రోడ్డును, షెడ్లలో పడిగాపులను పెద్దాయన వేళ్లమీద కూడాడు. మూడు రోజులు దాటిపోయింది.

"ఖాళీ చెయ్యండి. తెల్లవారుజామున పుట్టినవే ఎక్కాలి."

"అవింకా తడిగా ఉన్నాయి బాబాయ్. కొనేవాడు అందం చూస్తాడు."

"దారిలో ఆరతాయి. చచ్చాక అందం దేనికే?"

ఒక్కొక్క పిల్లనూ అరచేతిలో తిప్పి, పొట్ట తడిమి ఆయనే ఎంచాడు. పదహారు వందలే తేలాయి. నాలుగు వందలు తక్కువని ఏజెంటు గొణిగాడు, ఎవరూ వినలేదు.

మూడోరోజు పొద్దున అవతలినుంచి ఫోను వచ్చింది. "అన్నీ బాగున్నాయట బాబాయ్," అంది అన్న కూతురు.

"ఎవరు చూశారట?"

"వాళ్లే."

"ఫోను పెట్టెలో పెట్టమను."

ఆయన చెవి ఆనించాడు. దాహమేస్తే పిల్లలు గీపెడతాయి. చలేస్తే ఏడుపు సాగదీస్తాయి. ఇవి లోగొంతుతో, తీరిగ్గా కబుర్లాడుకుంటున్నాయి. చాలాసేపు విన్నాడు.

"ఇప్పటికైనా నమ్మావా?"

"ముందు నీళ్లు, తరవాతే మేత అని చెప్పు," అన్నాడు ఫోను తిరిగిస్తూ. "రెండుసార్లు చెప్పు. అటువైపు ఎవరున్నారో ఏమో."