అవ్వ కూర్చున్న బోటు సీటు

డ్యాములో నేను నడిపే చిన్న స్పీడుబోటు సీట్లు చిరిగిపోయాయి. బోట్ల కోసమే చేసిన సీట్లు చెన్నైలో దొరుకుతాయి గానీ, వాటి ధర వింటేనే మా ఓనరుకు జ్వరం వస్తుంది. అందుకే బంగారుపాళ్యం దగ్గర పాత కార్లు విప్పే షెడ్డుకు వెళ్ళి, చిరగని రెక్సిన్ సీటొకటి ఏరుకున్నాను. ముందు కొలత సరిపోతుందో లేదో చూద్దామని దాన్ని బస్సులో వేసుకొచ్చాను.

బస్సు కిక్కిరిసి ఉంది. నిలబడలేక వణుకుతున్న ఒక అవ్వను ఆ సీటు మీదే కూర్చోమన్నాను.

"ఇది యాడికి నాయనా?" అని అడిగింది.

ఫలానా డ్యాములో జనాన్ని తిప్పే బోటుకని చెప్పాను.

ఆమె కాసేపు రెక్సిన్‌ను అరచేత్తో నిమిరింది.

"ఆ నీళ్ళ కిందనే మా ఊరుండాది. డ్యాము కట్టేటప్పుడు మమ్మల్ని ఆడనుంచి లేపేసినారు" అంది. సీటును ఒకసారి నొక్కి చూసి, "సీటు మెత్తగానే ఉండాది నాయనా. మా ఇండ్ల మీద తిరిగేవాళ్ళకి నడుము నొప్పి రాకూడదు గదా" అంది.

చిత్తూరు రాకముందే దిగిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

మిగతా సీట్లూ అలాంటివే తెచ్చి బిగించాను. ఎక్కినవాళ్ళంతా సుఖంగా ఉన్నాయంటారు. నేను మాత్రం నిలబడే నడుపుతాను.