బాపు కుడి చెవి

మా బాపు భివండీలో సాంచాల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, బట్ట నేసేవాడు. ఏళ్ల తరబడి ఆ మోతలో నిలబడి ఎడమ చెవి పూర్తిగా పోయింది. మిగిలింది కుడి చెవి. పొద్దటి షిఫ్టు దిగి ఇంటికి రాగానే అక్క ఆయన కుడి పక్కన కూర్చుని, చెవి దగ్గర నోరు పెట్టి ఆనాటి సంగతులన్నీ చెప్పేది. నల్లా దగ్గర ఎవరు ఎవరితో కొట్లాడారో, ధామన్కర్ నాకాలో ఏ ఆటో ఎవరిని గుద్దిందో. మా అమ్మను అవ్వ అనేవాళ్లం; అవ్వ చెప్పినా నేను చెప్పినా ఆయనకు సగమే అందేది. అక్క గొంతు మాత్రం అలవాటు.

అక్క పన్నెండో తరగతి అయ్యాక, కంప్యూటర్ వస్తే ఊరి పక్కన పూర్ణలో ఉన్న గోదాముల్లో ఆఫీసు పని దొరుకుతుందని ఎవరో చెప్పారు. బాపే పాత కంప్యూటరొకటి తెచ్చి, ఇంటర్నెట్ కూడా పెట్టించాడు. అక్క టైపింగ్ తొందరగానే నేర్చుకుంది. ఆ తరువాత చాటింగ్‌లో పడింది. నాగపూర్‌లో ఉండే ఒక అబ్బాయి పరిచయమయ్యాడు. తన మాటలు ఇంత ఇష్టంగా ఇంకెవరూ వినలేదని నాతో అన్నది. అప్పుడు అక్క మొహం చూస్తే నాకూ సంతోషమే వేసింది.

సాయంత్రాలు బాపు వచ్చి అక్క కుర్చీ వెనక నిలబడేవాడు. ఒక్క నిమిషం బాపూ అనేది అక్క, తెర మీంచి కళ్లు తీయకుండా. చదువు రాని ఆయన కాసేపు ఆ అక్షరాలను చూసి, వెళ్లి గడపలో కూర్చునేవాడు. కొన్నాళ్లకు రావడం మానేశాడు. ఎవరేం చెప్పినా నవ్వి తల ఊపడం మొదలుపెట్టాడు. వయసు మీద పడుతోందని అవ్వ అనుకుంది.

ఏడాది తిరిగాక ఆ అబ్బాయి జవాబులివ్వడం ఆపేశాడు. కారణం చెప్పలేదు. అక్క రోజూ తెర ముందు కూర్చుని ఎదురుచూసింది. చివరికి ఒక సాయంత్రం లేచి వచ్చి బాపు కుడి పక్కన కూర్చుంది. ఆయన భుజానికి మొహం ఆనించి, చెవిలో అంతా చెప్పింది.

బాపు నవ్వాడు.

"మంచిదే బిడ్డా. మంచిగ చెయ్యి."

అక్క తల ఎత్తింది. ఆ కన్నీళ్లు చూసి బాపు బెదిరిపోయాడు. అక్క ఆయన చెవి ముట్టుకుని, ఎప్పటి నుంచి అని చేత్తో అడిగింది.

"వానకాలం సంది వినవడ్తలేదు," అన్నాడు బాపు. "నీకే చెప్దామని వచ్చిన. నువ్వు నౌకరీ కోసం నేర్చుకుంటున్నవ్ గద. నడుమల ఎందుకని ఊకున్న."

ఠాణేలో డాక్టరుకు చూపించాం. చెవికి మిషన్ పెట్టారు. అందులో కూడా మోత తప్ప మాట లేదని బాపు దాన్ని తీసి పక్కన పెట్టాడు.

అక్కకు పూర్ణలో పని దొరికింది. ఇంటికి రాగానే బాపు ఎదురుగా కూర్చుని, పెదవులు బాగా కదిలిస్తూ మెల్లగా చెప్పేది. ఆయన కళ్లు చిట్లించి చూసేవాడు. కొంత అందేది, చాలా వరకు అందేది కాదు. అక్క ఆ రోజు ఎందుకు ఏడ్చిందని బాపు నన్ను చాలాసార్లు అడిగాడు. సైగలతో చెప్పగలిగిన సంగతి కాదది. అది తెలియకుండానే బాపు చనిపోయాడు.