కదలనన్న మూట

మా ఆఫీసులో ఆమెను అందరం మూటలక్క అంటాం. మేం తయారుచేసేది ఆసుపత్రుల్లో మందు మోతాదు చూపించే సాఫ్ట్‌వేర్. పేరుకు ఒకటే, కానీ ఎవరి కోరికలు వాళ్లవి. ఒకరికి పిల్లల వార్డు కావాలి, ఇంకొకరికి కాన్పుల గది, మరొకరికి ఇంటర్నెట్టే వద్దు. ఎవరి ముక్కలు వాళ్లకు ఏరి, మూట కట్టి, వెళ్లి ఎక్కించి రావడం ఈవిడ పని. ఒకసారి కాన్పుల మూట కాస్తా కంటి ఆసుపత్రికి చేరింది. శుక్లాలకని వచ్చిన తాతగారి పేరు కొట్టగానే, ఎన్నో నెలో చెప్పమంది కంప్యూటర్. మేం పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. ఆమె నవ్వలేదు.

ఆ తర్వాత పట్టుబట్టి తన పనంతా యంత్రానికి నేర్పింది. ఏ ఆసుపత్రికి ఏం కావాలో, ఏ ముక్క దేనితో పొసగదో పూసగుచ్చినట్టు చెప్పింది. ఇక మీట నొక్కితే చాలు, మూటలు వాటంతటవే తయారై, పరీక్ష నెగ్గి, చేరాల్సిన చోటికి చేరిపోతాయి. "నీ ఉద్యోగానికి నువ్వే ఎసరు పెట్టుకున్నావక్కా" అని ఏడిపించేవాణ్ణి.

మొన్న ఒకరోజు, బరువు తక్కువ పసికందులకు మా లెక్క తప్పుతోందని తెలిసింది. మూటలక్క చెల్లెలికి నెలలు నిండకుండా పుట్టిన పాప మా సాఫ్ట్‌వేర్ వాడే ఆసుపత్రిలోనే ఉంది. మోతాదు లెక్క బాగయ్యేదాకా అక్కడ పాపకు మందు ఆపారు. హడావిడిగా లెక్క సరిదిద్దాం. ఆమె మీట నొక్కింది. గోడమీది తెరపై ఆసుపత్రులు ఒక్కొక్కటే పచ్చబడుతుంటే నాకు ఒళ్లు గగుర్పొడిచింది. ఆమె ఊరూరూ తిరిగి చేసిన పని టీ చల్లారేలోపు అయిపోతోంది!

ఒక్కటి మాత్రం ఎర్రగా ఆగింది. పాప ఉన్న ఆసుపత్రే.

"బలవంతంగా తోసెయ్యమ్మా, నీకు ఆ వీలుంది కదా!" అన్నాడు మేనేజర్.

ఆమె వేలు మీట దాకా వెళ్లి ఆగింది. "ఉండండి సార్. ఎందుకు వద్దంటోందో చూడనివ్వండి."

చూశాం. అక్కడి తూకం యంత్రం బరువును గ్రాముల్లో పంపుతుంది. పాత లెక్క దాన్ని పోల్చుకునేది. మేం కంగారులో దిద్దినదానికి కిలోలే తెలుసు. తోసేసి ఉంటే గ్రాములను కిలోలనుకుని ఆ పసిగుడ్డుకు వెయ్యి రెట్ల మోతాదు చూపించేది.

లెక్క మళ్లీ దిద్దాం. ఈసారి పచ్చబడింది. అంతలో చెల్లెలి ఫోన్.

"అక్కా, మందు ఇవ్వమననా?"

"ఇవ్వమనవే" అంది మూటలక్క. ఫోన్ పెట్టేసి నావైపు తిరిగింది.

"చేత్తో కట్టిన మూటైతే, పాప మీది బెంగతో ఎప్పుడో పంపేసేదాన్నిరా" అంది.