పులుసుకి వేగం తెలియదు

పోర్టు దగ్గర ఒక షిప్పింగు కంపెనీలో కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నాకు ప్రతి విషయం మీదా ఒక అభిప్రాయం ఉండేది. అన్నీ పుస్తకాల్లోంచి వచ్చినవే. మనిషికి ఎంత అవసరమో అంతే ఉండాలన్నది వాటిలో పెద్దది. (అప్పటికి నాకున్నది ఒక గది, ఒక పరుపు, అద్దెకి తెచ్చిన ఫ్యాను. కాబట్టి ఆ అభిప్రాయం నాకు సుఖంగానే ఉండేది.) అందుచేత మా మావయ్య ఆ కారు కొన్న రోజున, ఎవరూ అడగకుండానే, నేను దాన్ని ఖండించాను. మావయ్య నా మాటలు చివరి దాకా విని, “సెప్పులు కవర్లో ఎట్టి ఎక్కరా అల్లుడూ, అలా తిరిగొద్దాం,” అన్నాడు. ఎక్కాను.

మావయ్య ఓడల్లో ఇంజనీరుగా పనిచేసి రిటైరై సీతమ్మధారలో స్థిరపడ్డాడు. ఆయన కొన్నది జర్మనీ కారు, తెల్లది. మామూలు కారుకి డిక్కీ ఉండే చోట దీనికి కప్పు చివరి దాకా సాగిపోయి, దాని కింద ఒక మనిషి కాళ్ళు చాపుకొని పడుకునేంత చోటు ఉండేది. అలాంటి కారు ఊళ్ళో ఇంకొకటి నేను చూడలేదు. చూడ్డానికి సరుకులబండి. కానీ దాని ముందు భాగంలో ఉన్న ఇంజను పందాల కార్లలో పెట్టేది. ఇంత పొడుగూ ఇంత వేగమూ ఒకే బండిలో ఎందుకు పెట్టారని అడిగితే మావయ్య జవాబు ఒకటే. “పాతికేళ్ళు సైకిలు స్పీడుతో సముద్రాలు దాటాన్రా. ఎనకాల సరుకు లేకపోతే నాకు తోచదు. ముందు స్పీడు లేకపోతే ఇంక బతకలేను.”

కారు వచ్చిన మర్నాడే ఎదురింటాయన రెండు కొబ్బరి బొండాలు పట్టుకొని వచ్చాడు. “నిన్నట్నుంచీ అంబులెన్సు గుమ్మంలోనే ఉంది, ఎవరికండీ బాగోలేదు?” అని గొంతు తగ్గించి అడిగాడు. మావయ్య ఆయన్ని నొప్పించడం ఇష్టం లేక ఒక బొండాం తాగేశాడు. లోపల్నుంచి మా అత్త అంతా వింది. అత్తకి మావయ్య సొంత మేనబావ. పెళ్ళికి ముందు నుంచీ బావా అనే పిలిచేది, పెళ్ళయ్యాకా మానలేదు.

“బావా, పొడుగు బండి సరుకు మోసేవోళ్ళకి. స్పీడు బండి కుర్రోళ్ళకి. మనం ఉన్నది ముగ్గురం, అందులో పిల్ల రేపో మాపో అత్తారింటికి ఎల్లిపోతాది. ఇద్దరు ముసిలోళ్ళకి రెండూ కలిపిన బండేటి? సూసినోళ్ళు మనకి రోగమనుకుంతన్నారు,” అంది.

నేను పక్కనుంచి, “అత్త చెప్పింది నిజమే మావయ్యా,” అన్నాను. అత్త నా వైపు చూసి, “నువ్వు ఊరుకోరా పుస్తకాలోడా. నాను మా బావనంటాను, నువ్వనకూడదు,” అంది. ఆ ఇంట్లో నా అభిప్రాయాలకి ఉన్న విలువ అది.

ఆఖరికి ఒక ఒప్పందం కుదిరింది. కూతురి పెళ్ళి అయ్యేదాకా కారు ఉంటుంది, అవగానే అమ్మేస్తారు. సబ్బవరంలో స్థలాలు అమ్మే ఒకాయన కారు చూసి మోజుపడి, పెళ్ళి విందు ఆదివారమైతే సోమవారం వచ్చి తీసుకువెళ్తానన్నాడు. మావయ్య సరేనన్నాడు గానీ, ఆ నెలంతా రోజూ పొద్దున్నే కారు తుడుస్తూ దానితో మాట్లాడేవాడు కాదు. అంతకు ముందు మాట్లాడేవాడు.

మా వదిన, అంటే మావయ్య కూతురు, పెళ్ళి చేసుకున్నది భీమిలి అబ్బాయిని. ఆ ఇంటి వాళ్ళకి చేపల గురించి తెలియని సంగతి లేదు. నిశ్చితార్థం రోజున పెళ్ళికొడుకు మేనత్త, నోరు మంచిదే గానీ పదునైన మనిషి, మా అత్తతో అంది కదా, “సీతమ్మధారలో సేపంటే ఫ్రిజ్జులో సేపే కదమ్మా. పర్లేదులే, మీరేది ఎడితే అదే తింతాం.” అత్త నవ్వింది. ఇంటికి వచ్చాక నవ్వలేదు. ఆనందపురంలో కల్యాణమండపంలో ఇచ్చే విందులో మిగతా వంటలన్నీ వంటవాళ్ళు చేసుకోవచ్చు, వియ్యాలవారి మొదటి బంతికి వేసే చేపల పులుసు మాత్రం తానే వండుతానని శపథం చేసింది.

పులుసుకి ఒక మర్యాద ఉంది. ముందు రోజు వండి రాత్రంతా ఊరనివ్వాలి, అప్పుడే ముక్కకి పులుపు పడుతుంది. ముక్క వేశాక గరిటె పెట్టకూడదు, గిన్నె అంచు పట్టుకొని తిప్పాలి. అత్త ఫిషింగు హార్బరుకి తానే వెళ్ళి పండుగప్పలు ఏరి తెచ్చింది. కళాయి వేయించిన ఇత్తడి గుండిగలో శనివారం సాయంత్రం పెరట్లో వండింది. ఆదివారం పొద్దున్న మూత తీస్తే నూనె పైకి తేలి, ముక్కలు వేసినవి వేసినట్టే ఉన్నాయి. ఇంతవరకూ అంతా బాగానే ఉంది. సీతమ్మధారలో ఉన్న గుండిగ ఆనందపురం ఎలా వెళ్ళాలన్నది మాత్రం అప్పటిదాకా ఎవరికీ తట్టలేదు.

సామాన్ల ఆటో ఒకటి మాట్లాడారు. అత్త ఆటోని నమ్మలేదు. అదే కొలతలో ఇంకొక గుండిగలో నీళ్ళు పోయించి, “ముందు దీన్ని సందు సివరిదాకా తీసుకెళ్ళి తే,” అంది. ఆటో అతను పెళ్ళివాళ్ళని ఏమీ అనలేక వెళ్ళాడు. సందులో ఉన్న స్పీడు బ్రేకరు దగ్గర మూత ఎగిరి రోడ్డు మీద పడ్డ చప్పుడు మాకు వినబడింది. తిరిగి వచ్చేసరికి నీళ్ళు సగం లేవు, అతని చొక్కా తడిసి ఉంది. “అమ్మా, రోడ్డు అలాగుంది మరి,” అన్నాడు. అత్త గుండిగ పక్కనే పట్టుచీరతో పీట మీద కూలబడింది. ఆమె కళ్ళలో నీళ్ళు నేను చూడటం అదే మొదటిసారి. “ముక్కలిరిగిపోయిన పులుసు ఆవిడ ముందు ఎట్టలేను బావా,” అంది.

మావయ్య కారు తాళాలు తీశాడు. వెనక సీట్లు మడిచాడు. ఆ కారు లోపలి తివాచీ మీగడ రంగులో ఉండేది. చెప్పులు కవర్లో పెట్టనిదే ఎవర్నీ ఎక్కనివ్వని మనిషి, ఆ తివాచీ మీద పాత పరుపు ఒకటి వేసి, దాని మధ్యలో గుంట చేసి, “ఎట్టండి ఇక్కడ,” అన్నాడు. రేపు కొనేవాడు వచ్చేసరికి కారు చేపల వాసన కొడితే ఏమవుతుందో ఆయనకి తెలుసు. అత్తకీ తెలుసు. ఆమె లేచి నిలబడింది.

“ఒక్క ముక్క ఇరగకుండా సేర్చు బావా. ఈ జన్మలో మళ్ళీ ఈ బండి అమ్మమని నాను అడిగితే ఒట్టు.”

“ఇరిగితే?”

“ఇరిగితే రేపటిదాకా ఎందుకు, మండపం కాడే అమ్మేద్దాం.”

మావయ్య డ్రైవింగు సీట్లో, అత్త ఆయన పక్కన. గుండిగని పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి గనక నేను వెనక పరుపు మీద. తెల్ల గుడ్డ కట్టిన గుండిగని రెండు చేతులా వాటేసుకొని, కొత్త చొక్కాలో పడుకున్నాను. నా పని గుడ్డ అంచు ఎత్తి పులుసు ఎంతలో ఉందో చెప్పడం. మావయ్య ఓడలో ఇంజను గదికి వేసినట్టే కేక వేసేవాడు. “లెవెలు?” “బాగుంది మావయ్యా.” స్పీడు బ్రేకరు ముందు ఏదో మీట నొక్కాడు. కారు నాలుగు చక్రాల మీదా మెల్లగా పైకి లేచి, దాటి, మళ్ళీ కూర్చుంది. పులుసు నిద్ర లేవలేదు. “లెవెలు?” “అలాగే ఉంది.” వెనక మాకోసం ఆగిన స్కూటర్లు హారన్లు కొట్టలేదు, పైగా ఒకాయన దణ్ణం పెట్టాడు. నేను వెనక పడుకొని ఉండటం, పక్కన తెల్ల గుడ్డ. వాళ్ళు ఏమనుకున్నారో నేను అడగలేదు.

హనుమంతవాక దగ్గర మాత్రం బాగా జనం. సిగ్నలు దగ్గర పోలీసాయన వెనక అద్దంలోంచి నన్ను చూసి గాభరాగా పరిగెత్తుకొచ్చాడు. “ఎవరికమ్మా, ఏటైంది? ఏ ఆస్పత్రికి?” అత్త అద్దం దించి, “ఆస్పత్రికి కాదు బాబూ, పండుగప్ప పులుసు. రాత్రి వండింది. ఆనందపురం ఎల్లాలి, వియ్యాలోరు బంతికి కూకుంతారు,” అని ఉన్నదున్నట్టు చెప్పింది. చలానా రాస్తాడేమోనని నేను కళ్ళు మూసుకున్నాను. ఆయన వంగి ఒకసారి వాసన పీల్చాడు. ముఖం గంభీరంగా మారింది. “మరి సెప్పరేటమ్మా. కుదిపితే ముక్క ఇడిపోద్ది,” అని రోడ్డు మధ్యకి నడిచి, అటునుంచి వస్తున్న బస్సులన్నిటినీ ఆపి, మాకు చెయ్యి ఊపాడు. “మెల్లగా పోనీయండి సారూ, బ్రేకు కొట్టకండి!”

ఎండాడ దాటాక రోడ్డు వెడల్పయింది. నీళ్ళ పరీక్షతో ఆలస్యం ఎంత చెయ్యాలో అంతా చేసేశాం. బంతి వేసే వేళ దగ్గర పడింది. అత్త గడియారం చూసుకుంటోంది. మావయ్య, “లెవెలు సూసుకో అల్లుడూ,” అన్నాడు. ఆ తర్వాత జరిగింది నాకు వెంటనే అర్థం కాలేదు. కుదుపు లేదు, చప్పుడు లేదు. పక్కన వెళ్తున్న బస్సు వెనక్కి వెళ్ళిపోయింది. దాని ముందున్న లారీ కూడా. గుడ్డ ఎత్తి చూస్తే పులుసు మీద నూనె తెట్టు అద్దంలా నిశ్చలంగా ఉంది.

“ఎంతలో ఎల్తన్నాం బావా?”

“నలభై,” అన్నాడు మావయ్య, మీటరు ముల్లుకి చెయ్యి అడ్డం పెట్టి.

“బస్సులన్నీ ఎనక్కి పోతన్నాయేటి?”

“ఆళ్ళకి తొందర లేదు. ఒసే, పులుసుకి స్పీడు తెల్దే. స్పీడు మారితేనే దానికి తెలుస్తాది. గేరు మార్చినప్పుడల్లా ఎగిరిపడే బండయితే ఈపాటికి ఎనకాలున్న అల్లుడు పులుసులో ఉండేవాడు. బలం ఉన్న ఇంజనయితే గేరు మారినట్టే తెలీదు.”

ఎన్నో పుస్తకాలు చదివిన నాకు ఆ మాట అంతవరకూ ఎక్కడా కనబడలేదు. వెనక పడుకొని దాని గురించి ఆలోచిస్తుండగా అత్త కేక వేసింది. “బావా, గేదె!”

గేదె ఒంటరిగా రోడ్డు దాటుతోంది, సగం దాటి ఆగిపోయింది. మావయ్య దాన్ని మాకన్నా ముందే చూశాడు. బ్రేకు మీద కాలు వేశాడు గానీ, ఎంత మెల్లగా వేశాడంటే, అంత వేగం నుంచి కారు ఎక్కడ తగ్గడం మొదలుపెట్టిందో చెప్పలేను. పులుసు మాత్రం చెప్పింది. ఒక పక్కకి లేచి, అంచు దాకా వచ్చి, అక్కడే కాసేపు నిలబడింది. నేను నా ఛాతీని గుండిగ అంచుకి అడ్డం పెట్టాను. రెండు గరిటెల పులుసు నా కొత్త చొక్కా తాగింది. మిగిలినది వెనక్కి వెళ్ళి సర్దుకుంది. గేదె మా ముందునుంచి తన పని మీద తాను వెళ్ళిపోయింది.

“లెవెలు?” మావయ్య గొంతు వణికింది. ఓడలో ఏ తుఫానులోనూ వణకలేదని ఆయనే చెప్పేవాడు.

“గుండిగలో బాగుంది. నా మీద కొంచెం ఉంది,” అన్నాను.

మండపం దగ్గర మమ్మల్ని చూసి సగం పెళ్ళివారు పరిగెత్తుకొచ్చారు. “అంబులెన్సొచ్చింది, ఎవరికేటైందర్రా!” అని ఒకటే కేకలు. వెనక తలుపు ఎత్తగానే నేను పులుసుతో తడిసిన చొక్కాలో లేచి కూర్చునేసరికి ఒకావిడ కెవ్వుమంది. ఇద్దరు మనుషులు గుండిగ దింపి వంటశాలలో పెట్టారు. పెళ్ళికొడుకు మేనత్త స్వయంగా వచ్చి గుడ్డ విప్పింది. మా అత్త వెడల్పు గరిటె ఒకటి తీసుకొని, అంచునుంచి మెల్లగా దించి, ఒక తలకాయ ముక్క పైకి తీసింది. చెంపలు, కళ్ళు, ముక్కు కింద పల్చటి చర్మం, అన్నీ ఉన్నాయి. తర్వాత ఒక నడుం ముక్క. తర్వాత తోక ముక్క. మేనత్త ప్రతిదాన్నీ ఒంగి చూసింది. ఆఖరికి అడిగింది.

“ఇక్కడే వండారేటమ్మా?”

అంతకన్నా పెద్ద బహుమానం మా అత్తకి ఎవరూ ఇచ్చి ఉండరు. “లేదమ్మా,” అంది నిదానంగా, “సీతమ్మధారలో వండాను. మా బండి ఉంది కదా. దాంట్లో ఎడితే పులుసుకి ఊరు మారినట్టు తెలీదు.” వియ్యాలవారి బంతి లేచాక ఆ మేనత్తతో సహా అందర్నీ బయటికి తీసుకెళ్ళి కారు చూపించింది. వెనక తలుపు ఎత్తి, ఎంత చోటుందో చేతులు చాపి చూపించింది. ముందు మూత తీయించి ఇంజను కూడా చూపించింది. మావయ్య పక్కన చేతులు కట్టుకొని నిలబడ్డాడు. తన ఇంజను గురించి ఆయన ఒక్క మాట చెప్పాల్సిన అవసరం రాలేదు.

సోమవారం సబ్బవరం ఆయన వచ్చాడు. అత్త ఆయన్ని గుమ్మంలోనే ఆపి, కాఫీ ఇచ్చి, “అది అమ్మకానికి లేదు బాబూ. ఇంట్లోకి పనికొచ్చే బండి,” అంది.

మావయ్య పోయి ఇంకా ఏడాది తిరగలేదు. తాళాలు అత్త నా చేతిలో పెట్టింది. ఆదివారాలు మేమిద్దరం భీమిలిలో వదిన ఇంటికి వెళ్తాం. నాకు ఇప్పుడు చాలా తక్కువ అభిప్రాయాలు మిగిలాయి. అంత పొడుగూ అంత వేగమూ ఉన్న అంత ఖరీదైన కారు ఇంటికి అవసరమా అని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో తెలియదు. గుండిగని వాటేసుకొని పడుకున్న ఆ కుర్రవాణ్ణి అడిగితే చెప్పేవాడు. వాడికి అన్నీ తెలుసు. మొన్న ఎండాడ దాటాక రోడ్డు వెడల్పయిన చోట, ఖాళీగా ఉన్న వెనక భాగాన్ని అద్దంలో చూసుకుంటూ, నేను మెల్లగా పోనిస్తున్నాను. అత్త వెనక్కి తిరిగి చూసింది.

“ఏట్రా పుస్తకాలోడా, ఎనకాల పులుసేటైనా ఉందేటి?”

“లేదత్తా.”

“మరి తొక్కు.”

తొక్కాను. ముందు వెళ్తున్న బస్సు వెనకబడింది. అత్త కిటికీలోంచి దాన్ని చూసింది.

“ఎంతలో ఎల్తన్నాం?”

“నలభై,” అన్నాను, ముల్లుకి చెయ్యి అడ్డం పెట్టి. అత్త నా చేతి వంక చూసి, సీటులో వెనక్కి వాలింది.