మామ కావాలని పడ్డ కుస్తీ

నా చిన్నప్పుడు నలభై దాటిన మగవాడు లంగోటా కడితే ఊరు ఊరంతా నవ్వేది. ఇప్పుడు నిజామాబాద్‌లో పొద్దున్నే గ్రౌండుకు పోతే నలభై దాటినవాళ్లే కనిపిస్తారు. రంగురంగుల బూట్లు, చేతికి అడుగులు లెక్కపెట్టే గడియారాలు. రెండు చుట్లు పరుగెత్తి నాలుగు ఇడ్లీలు తినే వీరులు. మోకాలు నొప్పిని కూడా ఒకరికొకరు గొప్పగా చెప్పుకుంటారు. బెంచీ మీద కూర్చుని వాళ్లను చూస్తూ నవ్వుకుంటాను. అంతలో మా మేనమామ మోకాలు గుర్తొస్తుంది. నవ్వు ఆగిపోతుంది.

మామది బోధన్ అవతల, మహారాష్ట్ర సరిహద్దుకు దగ్గరి ఊరు. రెండెకరాల చెరుకు తప్ప వేరే ఆధారం లేదు. వయసులో ఉన్నప్పుడు మాత్రం హోళీకి జరిగే కాముని పున్నం కుస్తీల్లో ఆయనను మించినవాడు లేడట. ఆ కుస్తీలు పిల్లలకు బహుమతిగా కొబ్బరికాయ పెట్టడంతో మొదలై, పొద్దు వాలేసరికి పెద్ద పైల్వాన్ల వెండి కడెం దాకా వస్తాయి. అవతలివాడి వీపు మట్టికి ఆనిస్తే గెలిచినట్టు. మామ చేతికి అలా ఏడు కడేలు వచ్చాయి. అవి ఒక్కొక్కటిగా ఏ కష్టంలో ఎటు పోయాయో అత్తకే తెలుసు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు అమ్మ నన్ను తీసుకుని ఆ పండుగకు బయలుదేరింది. మమ్మల్ని తీసుకుపోవడానికి మామ బోధన్ దాకా వచ్చాడు. అక్కడ ఎక్కిన బస్సు సగం దారిలో ఆగిపోతే మగవాళ్లంతా దిగి నెట్టారు. బస్సు కదిలింది, మామ కదల్లేదు. మోకాలు పట్టేసింది.

"బస్సును నూకినవ్ మంచిగనే ఉంది. ఇగ నిన్నెవలు నూకాలె పైల్వాన్?" అన్నాడు కండక్టర్.

బస్సంతా నవ్వింది. మామ అందరికంటే ఎక్కువ నవ్వాడు. నలభై అయిదేళ్ల మనిషికి అది కూడా ఒక ఉపాయమని అప్పుడు నాకు తెలియదు.

ఆ ఏడు మామ జోడెడ్లలో ఒకటి చచ్చిపోయింది. చెరుకు తెమ్మని ఫ్యాక్టరీ చీటీ వచ్చింది కదా అని ఆయన చెరుకంతా కొట్టించాడు, మోయడానికి బండి లేకుండానే. కొట్టిన చెరుకు చేనులో పడుంటే రోజురోజుకూ ఎండి తేలికైపోతుంది. పైగా ఫ్యాక్టరీ ఇంకో వారంలో ఆ ఏటికి బంద్. ఊళ్లో పది బండ్లున్నది ఒక్క పటేలుకే. ఇస్తా, ఇస్తా అంటూ మూడు రోజులు తిప్పుకున్నాడు. కుస్తీల రోజు పొద్దున తానే వచ్చి మా మంచం మీద కూర్చున్నాడు. నేను పక్కనే చెరుకుగడ నములుతున్నాను. పిల్లల చెవులను ఎవరు లెక్కలోకి తీసుకుంటారు?

"పైల్వాన్, పొద్దుమీకి మావోడు కడెం కుస్తీకి దిగుతున్నడు. నువ్వు ఎదురు నిలవడాలె."

"నాతోని ఏమైతది పటేలా, మోకాలు పాయె."

"పోయిందని నీకెరుక, నాకెరుక. పిల్లనిచ్చేటోళ్లకు ఎరుకలేదు గదా. సూడనీకి వస్తున్నరు. ఏడు కడేల పైల్వాన్‌ను మావోడు చిత్ జేసిండని పోవాలె ఆళ్లు. తెల్లారేసరికి పది బండ్లు నీ చేన్ల ఉంటయి."

మామ మోకాలు ఒకసారి చేత్తో రుద్దుకున్నాడు.

"నాలుగు పట్లు వట్టినంక పడ్త పటేలా. ఊకెనే పడితె మట్టికి సిగ్గు."

సాయంత్రం మామ లంగోటా కట్టి దిగితే జనం ఈలలు వేశారు. "తాతా, పైలం, వడ్తవ్!" అని ఎవడో అరిచాడు. నాలుగు పట్లు అన్నాడు గానీ, రెండో పట్టుకే పటేలు కొడుకు గాలిలో ఉన్నాడు. మామ చేతులు అలవాటు కొద్దీ చేసిన పని అది. జనం లేచి నిలబడ్డారు. నేను గంతులేశాను. అప్పుడు మామ, ఏదో గుర్తొచ్చినట్టు, వాణ్ణి మెల్లగా కాళ్ల మీద దించాడు. కాసేపటికి తానే వెల్లకిలా పడ్డాడు.

డప్పులు మోగాయి. పటేలు కొడుకును భుజాలకెత్తుకున్నారు. "ముసలెద్దు కూలవడ్డది" అన్నాడు నా పక్కనున్నవాడు. ఆ మాటతో నేను బరిలోకి దూకాను.

"మా మామ ఓడలే! కావాల్నని వడ్డడు! పటేలు బండ్లిస్త అన్నడని వడ్డడు!"

డప్పులు ఆగిపోయాయి. పిల్లనిచ్చేవాళ్ల పెద్దమనిషి పటేలు ముఖంలోకి చూశాడు. వాళ్లు భోజనానికి ఆగకుండానే వెళ్లిపోయారు.

ఇంటికి రాగానే అత్త చీపురు తీసింది. మామ అడ్డం నిలబడ్డాడు. "పిల్లగాడు లేంది అన్నడానే? వడ్డది నేను. కొడితె నన్ను గొట్టు" అన్నాడు. అత్త చీపురు పడేసి గోడకు తల ఆనించి ఏడ్చింది.

తెల్లవారింది. బండ్లు రాలేదు. మధ్యాహ్నం దాకా చూసి, మామ మోపులు కట్టి ఆ మోకాలితోనే బెల్లం గానుగకు మోయడం మొదలుపెట్టాడు. నేనూ నాలుగు గడలు పట్టుకుని వెంట నడిచాను. ఒకచోట మోపు దించి, ఆయాసం తీరాక, నా తల మీద చెయ్యి పెట్టాడు.

"నిజం జెప్పినవ్ అల్లుడా, మంచిదే. గని ఒర్రే ముందుగాల ఒకటి సూడు. నీ నిజంతోని మునిగేది ఎవలు? నువ్వే అయితె ఊరంత ఇనేటట్టు ఒర్రు. ఇంకోడైతె, ముందుగాల ఆన్ని అడుగు."

మోసినంత మోశాడు. మిగిలింది చేనులోనే ఎండింది, దానికి నిప్పు పెట్టారు. మరుసటి ఏడు ఆ పది బండ్లలో ఒకదాన్ని మామే తోలాడు, పటేలు దగ్గర జీతానికి.

నేను ఐదో తరగతితో బడి మానేసి, దొరికిన కాగితమల్లా చదివి పెరిగినవాణ్ణి. అన్యాయం కనపడితే నా గొంతు ఇప్పటికీ ఆగదు. కానీ ఆ రోజు నుంచి అడగకుండా మాత్రం అరవలేదు, మామ మాటలో ఒర్రలేదు. మొన్న బీడీ కార్ఖానా అరుగు మీద కూర్చుని ఉంటే, పక్కింటి అక్క చుట్టిన బీడీలలో సగం బాగాలేవని గుమాస్తా తీసి పక్కన పడేస్తున్నాడు. పడేసినవి పారేయడు, అవీ అమ్ముకుంటాడు. నేను లేచాను. నోరు తెరిచే ముందు ఆమెను అడిగాను.

"వద్దు తమ్మీ, నీకు దండం వెడ్త. రేపు చుట్టనీకి ఆకు ఇయ్యడు" అంది.

కూర్చున్నాను. ఇంటికొచ్చి అన్నం ముందు పెట్టుకుని లెక్కపెట్టబోయాను. ఇన్నేళ్లలో ఎంతమందిని అట్లా అడిగానో. ఒర్రు అన్నవాళ్లు ఇంతవరకు ఒక్కరూ లేరు.